వదులు కుట్టు

ఒట్టీలియా పిండి జల్లిస్తోంది. జల్లెడ అంచుని అరచేత్తో తట్టినప్పుడల్లా పిండి కింద పళ్ళెంలోకి రాలుతోంది. పైన గోనె పీచూ, ఊకా, అప్పుడో ఇప్పుడో ఒక పురుగూ మిగులుతున్నాయి. పురుగుని వేలికొసతో తీసి కిటికీ గట్టు మీద పెడుతోంది. పెరట్లో కోడి ఒకటి దానికోసమే కాచుకుని ఉంది. యుద్ధం నాలుగో ఏట పడ్డాక పిండిలో గోధుమ తగ్గింది, మరవాడిలో సిగ్గు అంతకన్నా తగ్గింది.

కొట్టు బల్ల మీద ఆమె తన చేత్తో రాసి పెట్టిన అట్టముక్క ఉంది. "ఇందులో గుడ్లు లేవు. వెన్న లేదు. ఉన్నాయనిపిస్తే మీ నాలుక మిమ్మల్ని మోసం చేస్తున్నట్టు." హాసెల్‌బ్రున్ ఊళ్ళో మిగతా కొట్లలో "ఇంటి వెన్నతో చేసినవి" అని రాసి పెడతారు. రుచి అన్నిచోట్లా ఒకటే. అయినా జనం ఇక్కడికే వస్తారు. అబద్ధం లేని రొట్టె తిన్నామన్న తృప్తి ఒక్కటే ఆ రోజుల్లో రేషన్ చీటీ లేకుండా దొరికేది.

గుమ్మం గంట మోగింది. మేయరుగారి భార్య దోర్న్‌బుష్ అమ్మగారు టోపీ ఈక గుమ్మానికి తగలకుండా తల వంచి లోపలికొచ్చింది. ఆమె తల వంచేది ఆ ఒక్కదానికే. వెనకాల పనిపిల్ల మోసుకొచ్చిన డబ్బాని బల్ల మీద పెట్టించింది.

"ఊరందరి చక్కెర. ఇంటికో చెంచా. అడగ్గానే ఇచ్చారు ఒట్టీలియా, చూశావా ఎంత భక్తో!"

"ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా మీరే చెప్పుంటారు."

అమ్మగారు అది విననట్టు చేతి తొడుగు సర్దుకుంది. "ఆదివారం విందుకి కేకు కావాలి. మన కుర్రాళ్ళు ముంచేసిన ఆ విమానాల ఓడ లేదూ, అచ్చు అలాగే ఉండాలి. బల్ల పొడుగునా. పైన చిన్న చిన్న విమానాలు, బాదం ముద్దతో."

"బాదం లేదు. బంగాళాదుంప ఉంది."

"కాస్త వాసన కలిపితే ఎవరికి తెలుస్తుంది?"

"తిన్నవాళ్ళకి."

"అబ్బ, నీ నోరు! కెప్టెన్‌గారు కత్తితో దాన్ని నడిమికి కోస్తారు. నౌకాదళం పెద్ద ఆఫీసు నుంచి ఒక కమాండరు కూడా వస్తున్నారు. దాన్ని ముంచినవాళ్ళలో నీ తమ్ముడు ఉన్నాడు కాబట్టి నీకిస్తున్నాను ఈ పని. గుర్తుపెట్టుకో."

సముద్రం మొహం చూసినవాళ్ళు ఆ ఊళ్ళో నలుగురు ఉండరు. అయినా కిందటేడు ఒక జలాంతర్గామిని దత్తత తీసుకున్నారు. పక్క ఊరు తీసుకుందిగా మరి. ఊరి గుర్తయిన ఉడుతని ఆ ఓడ బురుజు మీద రంగులతో వేయించారు. నీళ్ళ కింద తిరిగే ఉడుత. ఊరివాడు అందులో ఒక్కడే, ఒట్టీలియా తమ్ముడు కీలియన్. వాడు చేరింది మేయరుగారి సిఫారసుతో అని ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్నారు. వాడు చేరిన రోజున మేయరుగారికి వాడి పేరు కూడా తెలియదు.

అమ్మగారు వెళ్ళాక ఒట్టీలియా డబ్బా మూత తీసింది. ఒక్కో ఇంటి చక్కెర ఒక్కో రంగులో ఉంది. కొంత తెల్లగా, కొంత బెల్లంలా, ఒకచోట ఉప్పు కూడా తగిలింది. ఎవరో కసి తీర్చుకున్నారు. ఆమెకి చాలారోజుల తరవాత నవ్వొచ్చింది.

శుక్రవారం ఆ జలాంతర్గామి కుర్రాళ్ళు రైలు దిగారు. స్టేషన్లో బాజాలు, బడిపిల్లల జెండాలు, మేయరుగారి ఉపన్యాసం. ఒట్టీలియా వెళ్ళలేదు. పొయ్యిలో రొట్టెలున్నాయి. మేయరుగారి మాట మాడినా ఊరికి నష్టం లేదు, రొట్టె మాడితే ఉంది.

కీలియన్ వెనక గుమ్మంలోంచి వచ్చాడు. చిక్కిపోయాడు. చర్మం గుమ్మడి గింజ లోపలి పప్పులా పాలిపోయి ఉంది. అక్కని వాటేసుకుని, ఏమీ అడక్కుండానే స్టూలు లాక్కుని బంగాళాదుంపల బుట్ట ముందు కూచున్నాడు. చెక్కు తీసిన దుంపని నీళ్ళలో వేసేటప్పుడు చప్పుడు కాకుండా చేత్తో దింపుతున్నాడు. వీధిలో బండి పోతే చెయ్యి ఆగిపోతోంది, అది మలుపు తిరిగేదాకా తల ఒక పక్కకి వాలి ఉంటోంది. ఓడలో వాడి పని అదే. చెవులకి తొడుగులు పెట్టుకుని సముద్రాన్ని వినడం.

"ఈ దుంపలన్నీ దేనికక్కా?"

"మీరు ముంచిన ఓడ చెయ్యడానికి."

కీలియన్ కత్తి కింద పెట్టాడు. "ముంచలేదు."

ఆమె పొయ్యి తలుపు మూసి వచ్చి ఎదురుగా కూచుంది.

"రెండ్రోజులు దాని వెనకాలే తిరిగాం. తల ఎత్తితే చాలు, పైన విమానాలు. మూడోరోజు తెల్లారగట్ట దూరంగా కనపడింది. మామూలుగా అయితే అంత దూరాన్నుంచి ఎవడూ కొట్టడు. మా కెప్టెన్ స్టాంకె నాలుగు టార్పెడోలు వదిలి, అవి ఎటు పోయాయో చూడకుండా మమ్మల్ని నీళ్ళ కిందికి దించేశాడు. చాలాసేపటికి ఒక్క చప్పుడొచ్చింది. దేనికీ తగలకపోయినా దారి చివర అవి వాటంతటవే పేలతాయక్కా. ఆ చప్పుడే అది."

"ఓడకి తగిలింది కాదని నీకెలా తెలుసు?"

"ఆ ఓడ మర తిరుగుతూనే ఉంది. పెద్ద కవ్వంతో ఎవరో నింపాదిగా చిలుకుతున్నట్టు. ఆగలేదు, తడబడలేదు. దూరమైపోయి, దూరమైపోయి, ఇక వినపడలేదు. అదే చెప్పాను. 'సరిగ్గా విను' అన్నాడు. మళ్ళీ విని మళ్ళీ అదే చెప్పాను. 'ఇంకా సరిగ్గా విను' అన్నాడు. ఆ తరవాత నన్ను అడగడం మానేసి, మునిగిందని వైర్‌లెస్‌లో పంపించేశాడు."

"ఎందుకట అంత ఆత్రం?"

"గొంతు నొప్పి." కీలియన్ నవ్వాడు. "మేం అలాగే అంటాం. మెళ్ళో ఆ శిలువ పతకం పడితేగానీ కొందరు కెప్టెన్లకి గొంతు నొప్పి తగ్గదు. మావాడికి బాగా ముదిరింది. కానీ పైవాళ్ళకి అనుమానం. ఓడ పోయిందని అవతల ఇంగ్లీషువాళ్ళు ఎక్కడా ఏడవలేదుగా. అందుకే ఆదివారం ఆ కమాండరు వస్తున్నాడు. ఓడ విరుగుతున్న చప్పుడు నేను విన్నానని అందరి ముందూ లేచి చెప్పాలట."

"చెబితే?"

"తీరం మీద బడి ఒకటుంది, కొత్తవాళ్ళకి ఈ వినికిడి నేర్పేది. మా ఓడ నుంచి ఒకణ్ణి పంపచ్చట. నన్ను పంపిస్తానన్నాడు. యుద్ధం అయిపోయేదాకా పొడినేల మీద."

"నువ్వేమన్నావు?"

"మా ఇంట్లో అది అలవాటు లేదండీ అన్నాను."

ఒట్టీలియా లేచి, వాడి జుట్టు చేత్తో చెరిపి, అప్పుడే దించిన రొట్టె చివరి ముక్క తుంచి నోట్లో పెట్టింది. చిన్నప్పుడు మంచి పని చేస్తే ఇచ్చేది అదే. ఆ సాయంత్రమంతా ఆమె నడకలో ఒక రకం పొగరు ఉంది. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ ఓడ ముంచిన తమ్ముణ్ణి పొగుడుతుంటే, తూకం రాయి పళ్ళెంలో పెడుతూ పెదవి విరిచింది. ఇంత ఊళ్ళో వెన్నెముక ఉన్నవాళ్ళు ఇద్దరే, ఇద్దరూ తన ఇంట్లోనే ఉన్నారు అనుకుంది.

శనివారం మధ్యాహ్నం మునిసిపల్ ఆఫీసు మేడ మీద ఆడవాళ్ళందరూ కుట్టుపనికి కూచున్నారు. కుర్రాళ్ళకి బహుమతిగా తలగడ గలీబులు, పెద్ద బల్లకి పరిచే గుడ్డ ఒకటి. అన్నిటి మీదా ఓడ నంబరు, ఉడుత బొమ్మ కుట్టాలి. రాకపోతే పేరు రాసుకుంటారు కాబట్టి ఒట్టీలియా కూడా వెళ్ళింది.

గుడ్డలు మంచి నారబట్ట. ఈరోజుల్లో ఎక్కడ దొరికిందా అని ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు. ప్రతి గలీబు మూలనా రెండక్షరాలు కుట్టి ఉన్నాయి, ముందు అవి విప్పాలి. మిల్లు వీధిలో బట్టల వ్యాపారం చేసిన యెట్టె హిర్ష్ అనే ముసలావిడ అక్షరాలు అవి. వసంతకాలంలో ఆవిణ్ణీ, ఆవిడ చెల్లెల్నీ ఒక్కో సంచితో స్టేషన్‌కి నడిపించుకుపోయారు. వాళ్ళు యూదులు. ఎక్కడికని ఎవరూ చెప్పలేదు. వారం తిరక్కుండా ఆ ఇంటి బీరువాలు మునిసిపల్ ఆఫీసు కిందకి చేరాయి. ఆ రోజు ఒట్టీలియా కొట్టు మూసి, లోపల పళ్ళాలన్నీ గట్టిగా చప్పుడు చేస్తూ తోమింది.

కుట్టు బిగువుగా ఉంది. సూదిమొన దూరడం లేదు. దారం తెంపితే గుడ్డ చిరిగేలా ఉంది.

"రాక్షసి ముండ, ఎంత బిగించి కుట్టిందో," అంది పక్కనున్న పోస్టుమాస్టరు భార్య. "ఎవరూ విప్పరనుకుంది కాబోలు."

కిసుక్కున నవ్వులు. దోర్న్‌బుష్ అమ్మగారు వరసల మధ్య తిరుగుతూ, ఒట్టీలియా చేతిలో గలీబు చూసి ఆగింది. ఒట్టీలియా అప్పటికే ఆ పాత అక్షరాలు విప్పేసి, ఓడ నంబరు మొదటి అంకె వేస్తోంది. దగ్గర దగ్గరగా, తీరైన కుట్టు.

"అంత దట్టంగా వద్దమ్మా. వదులుగా వెయ్యి, పెద్ద పెద్ద పోగులు. పైకి కనపడితే చాలు."

"ఉతికితే ఊడిపోతాయి అమ్మగారూ."

"ఎన్నిసార్లు ఉతుకుతారు గనక?" అమ్మగారు గొంతు తగ్గించింది. రహస్యం చెప్పడానికి కాదు, ఇంటి పొదుపు గురించి చెప్పే గొంతు అది. "విందయ్యాక ఇవన్నీ ఇక్కడే బీరువాలో ఉంచుతాం, వాళ్ళ సెలవులకి వాడుకోవడానికి. పక్క ఊరివాళ్ళేం చేశారో తెలుసుగా? బిగించి కుట్టి కూచున్నారు. వాళ్ళ ఓడ ఆగస్టులో పోయింది. సెప్టెంబరులో ఇంకోటి దత్తత తీసుకుంటే, పాత నంబర్లు విప్పలేక సగం గుడ్డలు చింపుకున్నారు. అందుకే వదులుగా వేస్తే, రేపు విప్పడం తేలిక."

ఎవరూ తల ఎత్తలేదు. సూదులు నడుస్తూనే ఉన్నాయి. పోస్టుమాస్టరు భార్య "అవును, నిజమే" అని తన దారం పొడుగు చేసుకుంది.

ఒట్టీలియా చేతిలో గలీబుని చూసింది. యెట్టె హిర్ష్ అక్షరాలున్నచోట చిన్న చిన్న చిల్లులు. వాటి మీదే తమ్ముడి ఓడ నంబరు. ఈ గదిలో వాడి పని అయిపోయింది. ఇంకా రైలెక్కలేదు, అక్క చేతి రొట్టె వాడి కడుపులో అరగలేదు, వాడి తరవాత వచ్చేవాళ్ళ కోసం గుడ్డ సిద్ధమవుతోంది. వీళ్ళకి ఏడుపు లేదు, కోపం లేదు. బట్ట పాడుకాకూడదు, అంతే.

ఏదైనా అనాలనుకుంది. మిల్లు వీధి గుర్తొచ్చింది. అప్పుడు అననిది ఇప్పుడు తన తమ్ముడి దాకా వచ్చేసరికి అంటే, ఆ మాటకి విలువేముంటుంది? ఆమె దారం తెంపి, వేసిన అంకె విప్పి, మళ్ళీ వదులుగా వేసింది. అమ్మగారు "అదీ" అని భుజం తట్టి ముందుకెళ్ళింది.

ఇంటికి వచ్చేసరికి కీలియన్ కేకు పనిలో ఉన్నాడు. పొడుగాటి చెక్క మీద ఓడ అడుగు భాగం లేచింది. వాడు బంగాళాదుంప ముద్దతో విమానాలు చేస్తున్నాడు. రెక్కలు ఒకదానికొకటి సరిగ్గా రాక పిచ్చుకల్లా ఉన్నాయి. చూసి వాడే నవ్వుకుంటున్నాడు.

ఒట్టీలియా చెప్పులు కూడా విప్పలేదు.

"విన్నానని చెప్పు."

"ఏంటి?"

"రేపు. ఓడ విరిగిన చప్పుడు విన్నానని చెప్పు. చెప్పి ఆ బడికి వెళ్ళిపో."

కీలియన్ వేళ్ళ మధ్య విమానం అలాగే ఉంది. అక్క తనని పరీక్షిస్తోందనుకున్నాడేమో, మొహంలో నవ్వు ఇంకా పోలేదు. "నువ్వేనా అంటున్నది? అబద్ధం నాలుకకి పట్టిన బూజు అని చెప్పి చెప్పి పెంచింది నువ్వు కాదూ?"

"గుడ్ల గురించి చెప్పానురా. ప్రాణాల గురించి చెప్పలేదు."

"అక్కా, నా మాట మీద ఆయన మెళ్ళో శిలువ పడితే ఊరుకుంటాడనుకున్నావా? ఇంకో పెద్ద ఓడ కోసం వెళ్తాడు. ఈసారి ఇంకా దగ్గరికి తీసుకెళ్తాడు, నిజంగానే ముంచగలనని రుజువు చేసుకోవాలిగా. నా చోట ఏగోన్ కూచుంటాడు వినడానికి. వాడి చెవి అంతంత మాత్రం. ఇద్దరు పిల్లలు వాడికి."

"వాళ్ళకీ ఎవరో ఒకరుంటారు చూసుకోడానికి. నువ్వు నీ సంగతి చూసుకో."

అన్నాక ఆ మాట ఆమెకే వినపడింది. పైన ఈకున్న టోపీ ఒక్కటే తక్కువ. కానీ వెనక్కి తీసుకోలేదు.

"నువ్వు చెప్పకపోతే కూడా ఆయన వెళ్తాడు," అంది, గొంతు తగ్గించి. "వాళ్ళకి పతకం కావాలి, వీళ్ళకి పండగ కావాలి. నీ నిజం ఎవడికి కావాల్రా? నిజం చెప్పి చచ్చావని ఎవడైనా నీ పేరు రాసి పెట్టుకుంటాడా? నంబరు కూడా ఉంచరు. నేను చూసొచ్చాను."

"ఏం చూశావు?"

ఆమె చెప్పలేదు. చెబితే తను కూడా విప్పి మళ్ళీ వదులుగా కుట్టానని చెప్పాలి. కీలియన్ చాలాసేపు ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. మరవాణ్ణి, మేయరుని, వెన్న బోర్డులు పెట్టే కొట్లవాళ్ళని చూసేటప్పుడు తన కళ్ళల్లో ఉండేది అదే. పెదవి విరుపు కూడా అదే. వాడికి బాగా నేర్పింది.

వాడు చేతిలో పిచ్చుక విమానాన్ని ఓడ మీద తెచ్చి పెట్టి, చెయ్యి కడుక్కుని, పైకి వెళ్ళిపోయాడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. గోడకి నాయకుడి పటం, పటం కింద కేకు. ఊరి పిల్లలు ముందు వరసలో కూచుని, కేకునే చూస్తూ గుటకలు మింగుతున్నారు. కెప్టెన్ స్టాంకె సన్నగా, ఎర్రటి మెడతో ఉన్నాడు. చొక్కా పట్టీని మాటిమాటికీ వేలితో సవరించుకుంటున్నాడు. కీలియన్ స్నేహితులు వెనక బల్ల దగ్గర ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుని, గొంతు పట్టుకుని దగ్గినట్టు నటిస్తున్నారు. కమాండరు నడివయసువాడు, నిద్రలేని మొహం. మేయరుగారి ఉపన్యాసంలో రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

కెప్టెన్ పిలిచాడు. కీలియన్ లేచాడు. ఒట్టీలియా గోడవారన నిలబడి ఉంది. వాడు "నేనేమీ వినలేదు" అంటాడేమోనని ఆమె భయం. అలా అనాలని లోపల ఎక్కడో కోరిక కూడా ఉంది. ఆ కోరికని పురుగుని తీసినట్టు తీసి అవతల పెట్టింది.

"విన్నాను," అన్నాడు కీలియన్. గొంతు నింపాదిగా ఉంది. "ముందు మర తడబడింది. తరవాత ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. మా అందరికీ ఊపిరి ఆగింది. ఆ తరవాత మొదలైంది, విరగడం. ఎలా చెప్పను... మా అక్క కొట్టులో పాకం కాచి చల్లటి రాతి మీద పోస్తుంది. కాసేపు ఊరికే మెరుస్తూ ఉంటుంది. అప్పుడు ఒక మూల టిక్కుమంటుంది. ఇంకో మూల ఇంకోటి. చూస్తుండగానే ఈ చివర నుంచి ఆ చివరిదాకా పటపటమని పగిలిపోతుంది. అదే చప్పుడు. అంత పెద్ద ఓడ, పాకం పలకలాగా."

హాల్లో ఎవరో వెక్కారు. పిల్లలు పాకం మాటకే నోళ్ళు తెరిచారు. కమాండరు మొదటిసారి ముందుకు వంగాడు.

"మా అక్కని అడగండి," అన్నాడు కీలియన్. "ఆ చప్పుడు ఆవిడకి తెలుసు. ఆవిడ అబద్ధమాడదు. ఊరంతా ఎరుగుదురు."

తలలన్నీ గోడవైపు తిరిగాయి. కమాండరు మర్యాదగా, "నిజమేనా అమ్మా? పాకం అలా పగులుతుందా?" అన్నాడు.

కీలియన్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు. రెప్ప వెయ్యడం లేదు.

"పగులుతుంది," అంది ఒట్టీలియా. "సరిగ్గా అలాగే పగులుతుంది."

"ఒట్టీలియా అందంటే ఇక తిరుగులేదు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. చప్పట్లు మొదలయ్యాయి. మేయరుగారు కళ్ళు తుడుచుకున్నారు. కెప్టెన్ మెడ మరింత ఎర్రబడింది, కత్తి తీసుకుని ఓడని నడిమికి కోశాడు. ముందు వరస పిల్లలకి తలా ఒక వేలంత ముక్క దక్కింది. విమానాలన్నీ పెద్ద బల్ల వైపే వెళ్ళాయి. దోర్న్‌బుష్ అమ్మగారు ఒకటి నోట్లో వేసుకుని, "అచ్చం బాదమే!" అని ఒట్టీలియాకి వినపడేలా అంది. ఒట్టీలియా కాదనలేదు.

విందు ముగియకముందే, కమాండరు పక్కన నిలబడి కెప్టెన్ కీలియన్ భుజం మీద చెయ్యి వేసి, వాణ్ణి బడికి పంపిస్తున్నట్టు అందరికీ వినపడేలా చెప్పాడు.

సోమవారం పొద్దున ఒట్టీలియా గుమ్మం దగ్గర మూట పట్టుకుని నిలబడింది. రొట్టె, పంది కొవ్వు డబ్బా, రెండు ఆపిల్ పళ్ళు. మిగతావాళ్ళు ఓడకి పోయే రైలుకి ముందే వెళ్ళిపోయారు. వీడి రైలు వేరు. ఏగోన్ వీధిలోంచి కేకేసి "మాస్టారూ, మా పిల్లలకి పాఠాలు చెప్పండి!" అని వెక్కిరించి పోవడం కూడా లోపలికి వినపడింది.

ఆమె జవాబులన్నీ సిద్ధం చేసుకుని ఉంది. అందరి ముందూ నా పేరెందుకు లాగావని అడగచ్చు. తిట్టు, కొట్టు, కానీ బతికి ఉండి తిట్టు అనచ్చు. వాడు "నువ్వూ వాళ్ళలాంటిదానివే" అంటే, అవునని చెప్పడానికి కూడా సిద్ధపడింది. చీదరించుకోనీ. చీదరించుకోవడానికైనా మనిషంటూ మిగలాలిగా.

కీలియన్ మెట్లు దిగి వచ్చాడు. వంటింటి బల్ల దగ్గర నిలబడే కాఫీ తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. మెట్టు మీద కూచుని బూటు తాళ్ళు ఒక్కో కన్నం లోంచీ లాగి బిగించి ముడి వేశాడు. సంచి భుజానికెత్తుకున్నాడు.

ఆమె మూట ముందుకి చాపింది. వాడు తీసుకున్నాడు. బరువు చూసుకుని, సంచిలో ఎక్కడ పడుతుందో చూసి, సర్ది, తాడు కట్టాడు. ఆమె నోరు తెరిచింది. వాడు మర్యాదగా, తెలియనివాళ్ళకి దారిచ్చినట్టు, ఆమె పక్కనుంచి తప్పుకుని తలుపు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.